బొల్లారం షికారీ, ఆయన 405 వించెస్టర్

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద రోజూ ఆఫీసులకు పోయేవాళ్లకు పక్కనే కనిపించే పచ్చదనం బొటానికల్ గార్డెన్‌ది. రెండు వందల డెబ్బై ఎకరాలకు పైగా ఉన్న ఆ చెట్లు మిగలకపోతే, అక్కడ ఒకప్పుడు రాళ్ల గుట్టలు, తుమ్మ పొదలు, చిట్టడవి ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అక్కడికి కొద్ది దూరంలో సెంట్రల్ యూనివర్సిటీలో ఇప్పటికీ చుక్కల దుప్పులు తిరుగుతున్నాయి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు, సుప్రీంకోర్టు ఆపించే దాకా ఊరంతా ఆ దుప్పుల గురించే మాట్లాడుకుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల దుప్పులు, జింకలు ఉన్నచోటల్లా ఒకప్పుడు షికార్ ఉండేది. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి నిజాం నవాబుల షికార్‌గాహ్. వరంగల్ వైపు పాకాల అడవి కూడా అంతే. మహబూబ్ అలీ పాషా పులుల వేట గురించి మన ఇళ్లలో నానమ్మలు చెప్పని కథ లేదు. అయితే నవాబులు, దొరలు పోగా ఈ నేల మీద పుట్టిన మరో షికారీ ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు దేశదేశాల్లో పుస్తకాలు చదివేవాళ్లకు తెలుసు గానీ, హైదరాబాద్ వాడని మాత్రం హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఆయనే కెన్నెత్ ఆండర్సన్.

1910 మార్చి 8న ఆయన పుట్టింది బొల్లారంలో. కొత్తగూడ నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. అప్పుడు తఖ్తు మీద ఉన్నది మహబూబ్ అలీ పాషానే. మరుసటి ఏడాదే ఆయన ఇంతకాల్ అయ్యారు. బొల్లారం అంటే ఆ రోజుల్లో కంటోన్మెంట్, రెసిడెంట్ దొర బంగళా, గుర్రాలు, పరేడ్లు. ఆండర్సన్ కుటుంబం మూలాలు స్కాట్లాండ్‌వి. కానీ ఆరు తరాలుగా ఈ దేశంలోనే ఉన్నవాళ్లు. తండ్రి సైనిక లెక్కల శాఖలో ఉద్యోగి, తుపాకీ పట్టడం తెలిసినవాడు. కొడుక్కి అడవి మీద మోజు ఆయన నుంచే వచ్చింది. చదువు బెంగళూరులో, మొదట బిషప్ కాటన్ స్కూలు, తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీ. లా చదవమని ఎడిన్‌బరో పంపిస్తే అక్కడ మనసు నిలవక మధ్యలోనే వదిలేసి వచ్చేశాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు తంతి తపాలా శాఖలో, అటుపైన బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశాడు. అంటే నెల జీతం మనిషి. శని ఆదివారాలు, పండగ సెలవులు కలుపుకొని కారులో అడవికి పోయి, సోమవారం మళ్లీ డ్యూటీకి వచ్చేవాడు.

ఈ సంగతి గుర్తుపెట్టుకుంటేనే ఆయన తుపాకీ సంగతి అర్థమవుతుంది.

అప్పట్లో పెద్ద జంతువుల వేట అంటే ఇంగ్లీషు కంపెనీల డబుల్ బారెల్ రైఫిల్. చేత్తో చెక్కి, నగిషీ పెట్టి తయారు చేసేవాళ్లు. ఒక్కో రైఫిల్ ఖరీదు మామూలు ఉద్యోగి కొన్నేళ్ల జీతం. నవాబుల తోషాఖానాల్లో, రాజుల కోటల్లో ఉండేవి అవే. వాటి తర్వాత బోల్ట్ రైఫిళ్లు. తలుపు గడియ లాగినట్టు బోల్ట్ పైకెత్తి వెనక్కి లాగి ముందుకు తోయాలి. గఢ్వాల్ కొండల్లో జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది అలాంటి రిగ్బీ రైఫిల్‌తోనే. మూడోది అమెరికా నుంచి వచ్చిన లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ కింద కడియంలాంటి లీవర్ ఉంటుంది. నాలుగు వేళ్లు దాంట్లో పెట్టి కిందికి తోసి పైకి లాగితే ఖాళీ కార్తూస్ బయటికి పడి కొత్తది లోపలికి పోతుంది. తుపాకీని భుజం మీద నుంచి దించనక్కర్లేదు, కన్ను గురి మీద నుంచి తియ్యనక్కర్లేదు.

ఆండర్సన్ పేరుతో ముడిపడిపోయింది ఈ మూడోదే. వించెస్టర్ కంపెనీ 1895 మోడల్, 405 బోర్.

ఆ రైఫిల్‌ని గీసింది జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా కారీగర్. అంతకు ముందు ఆయనే గీసిన 1894 మోడల్ అమెరికాలో దుప్పి వేటకు ఇంటింటి తుపాకీ అయిపోయింది. ఇప్పటిదాకా 70 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. దాంట్లో కార్తూసులు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా నిలబడతాయి. ఒక తూటా మొన దాని ముందున్న కార్తూస్ వెనక భాగాన్ని తాకుతూ ఉంటుంది. సూదిమొన తూటా పెడితే కుదుపుకి లోపలే పేలే ప్రమాదం. అందుకని మొద్దు మొన తూటాలే వాడాలి. 1895 మోడల్‌లో గొట్టం తీసేసి, ట్రిగ్గర్ ముందు చిన్న పెట్టె పెట్టారు. కార్తూసులు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. దాంతో మొన ఎలాంటిదైనా పరవాలేదు, మందు ఎక్కువున్న బలమైన కార్తూస్ కూడా పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా జార్ ప్రభుత్వం ఇదే రకం దాదాపు 3 లక్షలు కొని సిపాయిలకిచ్చింది. 405 బోర్ మాత్రం 1904లో వచ్చింది. తూటా బరువు పందొమ్మిది గ్రాముల పైచిలుకు. చుక్కల దుప్పికి సరిపోయే 1894 మోడల్ తూటా దాదాపు పదకొండు గ్రాములే. అమెరికా ప్రెసిడెంట్‌గా దిగిపోయిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పోయినప్పుడు సింహాల కోసం ప్రత్యేకంగా తీసుకుపోయింది ఈ 405నే. ఆ తర్వాత దాని పేరు మన దేశం దాకా పాకింది.

ఐబులు లేవా అంటే ఉన్నాయి. తన్ను గట్టిది. కాల్చినప్పుడు భుజం వాచిపోతుందని వాడినవాళ్లంతా చెప్పేవాళ్లు, ఎందుకంటే పిడి వంపు ఎక్కువ, చివర ఇనుప పట్టీ. పైన కనపడే హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాలి, ఆ చిన్న టక్‌మన్న శబ్దం నీళ్ల దగ్గర నిలబడ్డ దుప్పి చెవికి చాలు. నేల మీద బోర్లా పడుకుని కాల్చాలంటే లీవర్ కిందికి తియ్యడానికి చోటుండదు. ఇన్ని ఉన్నా చెట్టు మీద మంచె కట్టుకుని చీకట్లో కూర్చునే మనిషికి ఇది బాగా పనికొచ్చే రైఫిల్. గుడ్డి చీకట్లో మొదటి దెబ్బ తప్పితే రెండోది వెంటనే పడాలి, కన్ను పక్కకు తిప్పకుండా పడాలి. లీవర్ ఆ పని చేస్తుంది. ఆండర్సన్ దాని బారెల్‌కి ఎలక్ట్రిక్ టార్చి బిగించుకునేవాడు. ఫ్లాస్కులో టీ, జేబులో పైపు, ఒళ్లో రైఫిల్. ఆయన రాత్రులు అలా గడిచాయి.

అయితే దుప్పికి 405 సరైన తుపాకీయేనా? ఇక్కడ షికార్ తెలిసిన పాత హైదరాబాదీలు రెండు మాటలు చెప్పేవాళ్లు. చుక్కల దుప్పి మగది డెబ్బై ఎనభై కిలోలుంటుంది. దాని భుజానికి ఇంత బరువు తూటా తగిలితే అటు పక్క మాంసం కూరకు పనికిరాదు. కణితికి మాత్రం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది రెండు మూడు వందల కిలోల జంతువు. మరీ చిన్న తుపాకీ, లేదా పన్నెండు బోర్ బందూక్‌లో గుళ్ల కార్తూస్ దూరం నుంచి వాడితే జంతువు గాయంతో పారిపోయి పొదల్లో రెండు రోజులు బాధపడి చస్తుంది. అది ఇంకా పెద్ద గునాహ్.

రెండో మాట హలాల్ గురించి. తీర్ వేటకున్న మసాయిల్ బందూక్‌కి అలాగే వర్తిస్తాయా లేదా అని మన దేశపు హనఫీ ఉలమాలు చాలా చర్చించారు. ఎక్కువమంది తేల్చింది ఏంటంటే, తూటా దెబ్బకే చనిపోయిన జంతువు తినడానికి లేదు, ప్రాణం ఉండగానే చేరుకుని బిస్మిల్లా చెప్పి జబహ్ చేయాలి. సూదిమొన తూటా విషయంలో కొందరు వేరే అభిప్రాయం చెప్పారు. అందుకే మన షికార్ పార్టీల్లో తుపాకీ మోగగానే కత్తి పట్టుకుని పరిగెత్తే ఒక మనిషి తప్పకుండా ఉండేవాడు. దుప్పిని ఆపగలిగి, అక్కడికక్కడే చంపకుండా ఉండే తుపాకీ కావాలి వాళ్లకు. ఇది ఇంగ్లీషు షికార్ పుస్తకాల్లో దొరికే లెక్క కాదు.

ఆండర్సన్ మొదట్లో దుప్పులు, అడవి పందులు కొట్టినవాడే. సెలవుల్లో క్యాంపు వేస్తే కుండలోకి మాంసం కావాలి. లైసెన్సు మీద మగవాటినే కొట్టాలన్న రూల్ ఉండేది. కానీ అడవి ఆయనకు అసలు నేర్పింది లైసెన్సు లేని మనిషి దగ్గర. చిన్నార్ ఏరు పక్కన ఉండే బైరా అనే పూజారి తెగ ఆదివాసీ ఆయనకు జీవితాంతం దోస్తు అయ్యాడు. గోచీ తప్ప బట్ట లేదు, నేలలో తవ్వుకున్న గుంతలాంటి ఇల్లు, చేతిలో మందు దట్టించి కాల్చే పాత నాటు తుపాకీ. నీళ్ల గుంట దగ్గర కాపు కాసి దుప్పిని కొట్టి బతికేవాడు. చట్టం ప్రకారం దొంగ వేటగాడు. ఆండర్సన్ అతన్ని పట్టివ్వలేదు, అతని దగ్గర పాఠం నేర్చుకున్నాడు. గడ్డి వంగిన తీరు, దుప్పి ఎందుకు అరిచింది, కోతి ఎటు చూసి భయపడింది, ఇవన్నీ ఆ మనిషి చెప్పినవే. లీవర్ రైఫిల్ ఎంత మంచిదైనా దాన్ని ఎటు తిప్పాలో చెప్పింది బైరా.

తర్వాత తర్వాత ఆయన తుపాకీ దుప్పుల మీద నుంచి మనుషుల్ని తినే పులుల మీదికి తిరిగింది. లెక్కల్లోకి వచ్చినంత వరకు 1939 నుంచి 1966 దాకా ఎనిమిది నరభక్షక చిరుతలు, ఏడు పులులు. వాటిలో తెలుగు నేల మీద, తెలుగువాళ్ల మధ్య జరిగినవి చాలా ఉన్నాయి. చిత్తూరు జిల్లా భాకరాపేట వైపు చామల లోయ, నాగపట్ల, పులిబోను బంగళాలు ఆయన రాతల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. రేణిగుంట దాటాక మామండూరు. నల్లమలలో నంద్యాల నుంచి పోయే రైలు లైను మీద చలమ, గాజులపల్లి. అక్కడ మనుషుల్ని చంపిన పులి కథకు ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిన హంతకి అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. బొల్లారంలో పుట్టిన మనిషికి ఆ పేరు పెడుతున్నప్పుడు నవ్వు వచ్చిందో లేదో! హోసూరు, డెంకణీకోట వైపు జవళగిరి, గుమ్మలాపురం కూడా తెలుగు బాగా వినబడే ఊళ్లే. గుమ్మలాపురం చిరుత 42 మందిని చంపింది. జవళగిరిలో మాత్రం ఆయన మగ పులిలా గొంతు తీసి అరిచి, జత కోసం వెతుకుతున్న ఆడ పులిని తన ఎదురుగానే రప్పించుకున్నాడు. అది దూకేంత దగ్గరలో ఉండగా ఆయన, ఆ వించెస్టర్, మధ్యలో ఇంకేమీ లేవు.

కానీ ఆండర్సన్ కథల్లో ముస్లిం ఇళ్లలో చదివితే గుండె పట్టేసేది పులి కథ కాదు, ఎలుగుబంటిది.

కర్ణాటకలో అరసికెరె దగ్గర నాగవార కొండల కింద ఒక చిన్న దర్గా ఉండేది. దాని ముజావర్ ఆలం బక్ష్ సాహెబ్. దారినపోయేవాళ్లకు దూరం నుంచి కనబడేలా దర్గాలో రాత్రంతా లాంతరు వెలిగేది. ఆ దారిన కారులో పోయేటప్పుడు ఆండర్సన్‌కి ఆయనతో పరిచయం. ఆ చుట్టుపక్కల ఒక నల్ల ఎలుగు, వేరుశనగ చేలు, మేడిపళ్ల కోసం కొండ దిగి వచ్చేది. మనిషి ఎదురుపడితే మొహం మీదికే పోయేది. కళ్లు, ముక్కు పీకేసేది. కనీసం పన్నెండు మంది దాని చేతిలో పోయారు, ఇంకా ఎందరో మొహాలు పోగొట్టుకుని బతికారు. ఒక రాత్రి ఆలం బక్ష్ గారి పడుచు కొడుకు బయటికి పోదామని గుమ్మం దాటాడు. చీకట్లో అది అక్కడే ఉంది. తల్లిదండ్రులు లాంతరు పట్టుకుని వచ్చేసరికి కుర్రాడి మొహం లేదు. తెల్లవారే లోపే వాడు వెళ్లిపోయాడు.

ఆ తండ్రి ఆండర్సన్‌కి తారు కొట్టించాడు. తారు అంటే మాటకింత అని డబ్బు కట్టాల్సిన రోజులు. పది మాటల్లో సరిపెట్టేవాళ్లు. దర్గా మీద బతికే పేద ముజావర్ ఒక పొడుగాటి ఉత్తరమంత తారు పంపాడు. జరిగిందంతా రాశాడు, వచ్చి దాన్ని చంపమని అడిగాడు. తంతి శాఖలో పని చేసిన మనిషికి ఆ తారు ఖరీదు ఎంతో తెలియకుండా ఉండదు.

ఆండర్సన్ వచ్చాడు. రాత్రుళ్లు టార్చి పట్టుకుని చేలల్లో, మేడి చెట్ల కింద తిరిగాడు. ఎలుగు దొరకలేదు. సెలవు అయిపోయింది, ఉత్త చేతులతో ఆ ఇంటి ముందు నుంచే తిరిగి పోవాల్సి వచ్చింది. కొంతకాలానికి చిక్కమగళూరు వైపు సఖరాయపట్న దగ్గర మళ్లీ మనుషుల మీద పడిందని కబురు. మళ్లీ పోయాడు. ఈసారి గాయపడి అడవిలో పడి ఉన్న ఒక మనిషిని వెతకడానికి రాత్రి పూట బయలుదేరి, అతన్ని మోసుకొస్తూ కాలు మడమ బెణికించుకున్నాడు. ఆ మనిషి ఆయన చేతుల్లోనే పోయాడు. శవం పక్కనే తెల్లవార్లూ కూర్చోవాల్సి వచ్చింది. కాలు కాస్త నయమయ్యాక, పళ్లు రాలుతున్న మేడి చెట్టు మొదట్లో, నేల మీదే కాపు కాశాడు. రాత్రి ఎలుగు గుర్రుమంటూ పళ్లు ఏరుకుంటూ వచ్చింది. టార్చి మీట నొక్కగానే వెలుగుకి బిత్తరపోయి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. తుపాకీ మోగింది. ఆ ఎలుగు బాధ అంతటితో తీరింది.

కొడుకు పోయిన ఆ తండ్రికి దానివల్ల ఏం తిరిగి వచ్చింది అంటే ఏమీ రాలేదు. కానీ ఆ లాంతరు దారిలో నడిచే పిల్లలు ఇక భయం లేకుండా నడిచారు.

1954లో ఆయన మొదటి పుస్తకం వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకొకటి చొప్పున రాస్తూనే పోయాడు. పూర్ణచంద్ర తేజస్వి కన్నడంలోకి తెచ్చాక కర్ణాటకలో ఇంటింటికీ ఆయన కథలు చేరాయి. ఆయన మాట్లాడిన భాషలు కన్నడం, తమిళం. పల్లెల్లో కూలీలతో, గార్డులతో నేల మీద కూర్చుని మాట్లాడేవాడు. అడవి అంచుల్లో అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క భూములు కొన్నాడు, అన్నీ కలిపి దాదాపు 200 ఎకరాలు. వాటిలో కొంత హైదరాబాద్ వైపు కూడా.

రాను రాను ఆయన రాతల్లో పులి తగ్గి, దుప్పి కోసం బాధ పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక జీపులు, లారీలు వచ్చాయి, పెద్ద లైట్లు వచ్చాయి. రాత్రి రోడ్డు మీద జీపు ఆపి లైటు కొడితే దుప్పి కదలకుండా నిలబడి చూస్తుంది. ఆడదా, మగదా, కడుపుతో ఉందా అని చూసేవాడు లేడు. అలా కాల్చేవాళ్లను ఆయన ఎంత అసహ్యించుకున్నాడో ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. దుప్పులు ఖాళీ అయితే పులి పశువుల మీదికి, ఆ తర్వాత మనుషుల మీదికి వస్తుందన్నది ఆయన నలభై ఏళ్లు చూసి తేల్చుకున్న లెక్క. నిజం చెప్పాలంటే తొలి రోజుల్లో ఆయనే కొట్టిన దుప్పులు, కణుతులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చివరి ఏళ్లలో తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు. అదే రాత్రి కాపు, అదే నీళ్ల గుంట, లీవర్ బదులు కెమెరా మీట.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. లైసెన్సు షికార్‌కి చాలా వరకు కళ్లెం పడింది. ఇళ్లల్లో మిగిలిన రైఫిళ్లు గోడల మీదికో, పోలీస్ స్టేషన్లకో చేరాయి. రెండేళ్లకు, 1974 ఆగస్టు 30న, ఆండర్సన్ క్యాన్సర్‌తో బెంగళూరులో కన్నుమూశాడు. వయసు 64. ఆయన రాసి పెట్టిన చివరి పుస్తకం 1976లో అచ్చయ్యింది. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1975లో, హైదరాబాద్‌లో నిజాం షికార్‌గాహ్‌కి కంచె వేసి జింకల కోసం మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు.